గంటసేపు చేసినా పనే

పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో, మధ్యాహ్నం వేళ, ఎలీసమ్మ ఇంటి వరండా. ఎదురు కుర్చీలో ట్యాబ్ పట్టుకుని సర్వే అమ్మాయి.

"ఫ్రిజ్ ఉందని రాసుకున్నా ఆంటీ. తర్వాత..."

"రెండు తలుపులదని రాశావా?"

"తలుపులెన్నో మాకు అక్కర్లేదండీ."

"నీకు అక్కర్లేదు. నిన్ను పంపించినవాళ్ళకి కావాలిగా! వేటపాలెం నుంచేగా నువ్వు?"

"మంగళగిరి నుంచి వచ్చానండీ. ఏ ఊళ్ళో ఎంతమందికి పనుంది, జనం ఎట్లా బతుకుతున్నారు అని సర్వే."

"సరే, అట్లాగే అనుకుందాం. సంబంధం అనుకున్నాక పిల్ల తరఫువాళ్ళు గుట్టుగా మనిషిని పంపి వాకబు చేయించడం మాకేమన్నా కొత్తా? పక్కింటి జానీబీ కొడుక్కి సంబంధం వచ్చినప్పుడు మొన్న మొన్ననే దుప్పట్లమ్మేవాళ్ళలాగా వచ్చారు. ఆదివారం మా మార్క్‌ని చూడ్డానికి వేటపాలెం వాళ్ళొస్తుంటే, ఇవాళ నువ్వు ట్యాబ్ పట్టుకుని దిగావు."

"మీ అబ్బాయి ఏం చేస్తారండీ?"

"చూశావా, అసలు సంగతికొచ్చావు! దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ. పర్మినెంటు. ఆ ముక్క రాసుకో, పర్మినెంటు."

"ఆంటీ, ఇది నిజంగా గవర్నమెంటు సర్వే. ఇదిగో నా ఐడీ కార్డు. ఫొటో, స్టాంపు, అన్నీ చూసుకోండి."

"ఓరి దేవుడా! ముందే చెప్పొద్దూ? కొట్టెయ్, మొత్తం కొట్టెయ్! రేషన్ కార్డు పోతుంది. ఆ ఫ్రిజ్ జానీబీది. చోటు లేక మా ఇంట్లో పెట్టుకుంది."

"రెండు తలుపులదా?"

"ఒకటే తలుపు. అదీ సరిగ్గా పడి చావదు."

"మరి అబ్బాయి ఉద్యోగం?"

"అదీ లేదు. కాంట్రాక్టు పని, వానల్లోనే అయిపోయింది. ఖాళీ. ఖాళీ అని రాయి."

"పోయిన వారంలో గంటసేపైనా ఏదన్నా పని చేశారా? గంట చేసినా మా లెక్కలో పనే."

"గంటా? పుల్ల తీసి పక్కన పెట్టలేదు. అసలు ఊళ్ళోనే లేడు."

"అమ్మా! ఇంకో బస్తా విప్పనా?"

"లోపల ఎవరండీ?"

"టీవీ. సీరియల్ వస్తోంది."

"సీరియల్లో బస్తాలెందుకండీ?"

"ఏమో, ఈ మధ్య అన్నీ చూపిస్తున్నారు."

"హా...ఛ్!"

"టీవీ తుమ్మిందాంటీ."

"అబ్బా, గట్టిగా అనకు తల్లీ. చెప్తా. వాడే. మా మార్క్. మిరపకాయలు ఇంటికి తెచ్చుకుని కూలికి తొడిమలు తీస్తున్నాం."

"అయితే పనే కదండీ? దాచడం ఎందుకు?"

"మగాడు తొడిమలు తీయడం ఈ చుట్టుపక్కల ఎక్కడన్నా చూశావా? బస్తాలు మోస్తారు, కాటా వేస్తారు. తొడిమలు ఆడవాళ్ళ పని. నా వేళ్ళు మండిపోయి ముద్ద కలుపుకోలేకపోతుంటే, 'నువ్వు లే అమ్మా' అని వాడు కూర్చున్నాడు. తలుపేసి నేనే దాచిపెడుతున్నా. వాడికేం సిగ్గు లేదు, సిగ్గంతా నాకే."

"మీకెందుకండీ సిగ్గు?"

"ఆ పిల్ల ఉంది చూడు, ఫెబా అని. ఫొటో చూసిన దగ్గర్నుంచీ వాడు వాడిలో లేడు. ఇట్లా ఆడంగి పనులు చేస్తాడని తెలిస్తే వేటపాలెం వాళ్ళు పిల్లనిస్తారా? ఈ సంబంధం చెడితే నా కొడుకు ముఖం చూసి నేను తట్టుకోలేను. రాయకమ్మా, నీకు పుణ్యముంటుంది."

"రాయను. వేళ్ళు మండుతున్నాయంటున్నారు, మరి వంట?"

"అదీ వాడే. చారు బాగానే పెడతాడు, పప్పులోనే ఉప్పు ఎక్కువేస్తాడు. ఏంటి, అది కూడా ఉందా నీ సర్వేలో?"

"సర్వేలో లేదత్తయ్యా. వంటొచ్చినవాడైతేనే చేసుకుంటానని మా చెల్లెలు ఫెబా కనుక్కురమ్మంది."