సీటు ముందుకు జరిపిందెవరు?

వాకిట్లో నిలిపిన పాత కారు తలుపు తీసి, ఆయన భార్యను పిలిచాడు.

"ఈ కారు మన అమ్మాయి కాక ఇంకెవరో నడిపారు. డ్రైవరు సీటు స్టీరింగుకు అతుక్కుపోయేంత ముందుకు జరిపి ఉంది. తాడిచెట్టంత పిల్ల, దాని మోకాళ్లు పడతాయా ఇందులో?"

"పడవు. నావి పడతాయి."

"నువ్వా! నీకు కారెందుకే?"

"నేను నేర్పమన్నప్పుడు గోడలు కూల్చేస్తావని నవ్వారు. దానికి పద్దెనిమిది నిండగానే కారొచ్చింది."

"అదేమన్నా కొత్తదా? నలుగురి చేతులు మారిన డొక్కు. గుద్దినా బాధ ఉండదని కొన్నాను."

"గుద్దడానికైనా నాకొకటి కొనలేదేం?"

"కన్నకూతురి మీద కుళ్లా?"

"కుళ్లే. తాళాలు గిరగిరా తిప్పుకుంటూ అది గుమ్మం దిగుతుంటే నా కళ్లలో కారం కొట్టినట్టుండేది. నా మొహం చూసి అదే నేర్పింది."

"నాతో మాటమాత్రం అనకుండా? కొన్నది నేను, షికార్లు మీ ఇద్దరివీనా!"

"ఇప్పుడు మీకూ కుళ్లేనా? రండి, తిప్పుకొస్తాను."

ఆయన మూతి ముడుచుకునే వెళ్లి ముందు తలుపు తీశాడు.

"అక్కడ కాదండీ, వెనక కూర్చోండి. ముందు సీటు మా గురువుగారిది. చెప్పులేసుకుని వస్తోంది."