తోంగ్‌పాల్ దాటాక

జగదల్‌పూర్‌లో ఉన్ని స్వెట్టర్లు కొనుక్కుని నాగలక్ష్మి, ఆమె భర్త రాజశేఖర్ కోంటాకు తిరిగి వస్తున్నారు. విత్తనాల కంపెనీ డీలర్లకిచ్చే యూరప్ యాత్ర ఈసారి వాళ్ళకు దక్కింది. కారు నడుపుతున్నది రాజశేఖర్.

“...కంపెనీ తిప్పేది తిప్పినంక మనకు మిగిలేది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ రైల్లనే పోదాం. కారు నాకొద్దు.”

“రైలేందే! పెట్టెలు మోసుకుంట ఉరకాలె. కారైతే మన ఇష్టం.”

“ఆడ కుడిపక్క నడపాల్నంట.”

“నేర్చుకుంట. ఎన్నేండ్ల సంది నడుపుతున్న, నాకు...”

“ఆవు! ఏమయ్యా, ఆవు! ఆవూ!”

“...ఆగింది. ఆగింది లే.”

“దేవుడా! బెత్తెడు దూరంల ఆగింది. నీకు కనబడలేదా?”

“కనబడింది. చూసే బ్రేకు కొట్టిన.”

“నేను అరిస్తె కొట్టినవు.”

“ఎండ కండ్లల్ల పడ్డది. ఇడిసిపెట్టు, బండి పోనిస్తున్న. రైలు సంగతి ఏందో అంటున్నవు?”

“రైలు సంగతి తర్వాత. ముందల ఆ బోర్డు మీద ఏముందో చదువు.”

“ఏముంటది? తోంగ్‌పాల్.”

“తోంగ్‌పాల్ ఎప్పుడో దాటినం. ఈడ బోర్డే లేదయ్యా.”

“...నాకు పరీక్ష పెడుతున్నవా?”

“ఎన్నాళ్ళ సంది?”

“ఏంది ఎన్నాళ్ళ సంది?”

“కండ్లు. ఎన్నాళ్ళ సందయ్యా?”

“హోలీ ముందటి సంది. నడిమిట్ల అంతా మసక. అంచులే కనబడతయి.”

“నాకు చెప్పలే.”

“మీటింగని రాయ్‌పూర్ పోయిన చూడు, డాక్టర్ దగ్గరికే పోయిన. పెరుగుడే గానీ తగ్గుడు లేదన్నడు.”

“తెలిసి కూడా నన్ను ఎక్కించుకొని దర్భా ఘాటీ మలుపులన్నీ దిగినవా! ఆపు. పక్కకి ఆపు.”

“ఆపుతున్న. అరవకు.”

“అటు కాదు, ఎడమకి! లారీ వస్తున్నది... ఎడమకి, ఇంకా, ఇంకా తిప్పు... నా మాట విను, నా మాటే విను...”

“పోయిందా?”

“పోయింది. ఇగ ఆపు. బ్రేకు మీద కాలు తియ్యకు.”

“ఆగినం. లక్ష్మీ, ఏడుస్తున్నవా?”

“నాకా నడపరాదు. తాళం ఇటియ్యి. సుక్మాల తమ్ముడున్నడు, వచ్చి తీస్కపోతడు.”

“ఫోన్ చెయ్యి. నేను దిగుత.”

“దిగకు, బండ్లు వస్తున్నయి. ఈ కండ్లతోటి ఆ మంచుకొండలల్ల కారు నడుపుతనంటివి. నన్ను సంపుదామనా?”

“అట్లనకే. నాకు రైలంటేనే భయమైంది.”

“రైల్ల ఏం భయం?”

“కిటికీ కాడ కూసొని ‘అగో మంచు, అగో సరస్సు, చూడు చూడు’ అంటవు. నీకు ఏం చెప్పాలె? స్టీరింగ్ పట్టుకున్నోణ్ణయితే కొండలు చూడమని ఎవరూ అడగరు కద.”