పందెం వాడికి శుభోదయం

బ్రెజిల్‌లోని కరువారు ఊరి చర్చి వంటశాలలో వదినా మరదళ్ళు పండుగ వంటకి కర్రపెండలం చెక్కు తీస్తున్నారు.

“అన్నయ్య ఫోనుకి ఆ పందెం వాడి సందేశాలు ఇంకా వస్తున్నాయా వదినా?”

“రాకేం! నిన్న ‘జెనివాల్డో, నీ అదృష్టం ఎదురుచూస్తోంది’ అట. కష్టపడి జూదం మానుకున్న మనిషే, అది చూసి మళ్ళీ డబ్బులు వెతుక్కున్నాడు.”

“ఆ నంబర్లు ఆపించరాదూ?”

“ఒకటి ఆపితే ఇంకోటి. అందుకే, ‘సందేహాలుంటే అడగండి’ అని సందేశం కింద వాడు వేసిన నంబరు మన జపమాల బృందం ఆడవాళ్ళందరికీ పంచిపెట్టాను.”

“దేవుడా! పొద్దున్నే పూల బొమ్మలు పంపేవాళ్ళందరికీనా?”

“గులాబీలు, కీర్తనలు, జుడిచ్చి పెద్దమ్మ గొంతెత్తి పాడిన పాటలు! నేనైతే కింద ‘మా ఆయన జెనివాల్డో నంబరు తీసెయ్’ అని కూడా రాస్తున్నా. వాడికి గిరాకీ వచ్చేది ఆ నంబరు మీదే. మార్చుకోలేడు, చావనీ.”

మరదలు పకపకా నవ్వింది. అంతలోనే మనసు పీకింది.

“ప్రార్థనలతో పగ తీర్చుకోవచ్చా వదినా?”

“ఫాదర్‌ని అడుగుదామనుకున్నా. వద్దంటారేమోనని అడగలేదు.”

వదిన ఫోను మోగింది. కళ్ళజోడు సర్దుకుని చదివింది.

“వాడే. ‘అమ్మా, మీ ఆయన నంబరు తీసేశాను. మా అమ్మకి రేపు ఆపరేషను, ఇక వదిలెయ్యండి’ అంటున్నాడు.”

“పాపం, వదిలెయ్ వదినా.”

“మీ అన్న ఒక్కడినే వదిలాడు. మిగతావాళ్ళ మొగుళ్ళ సంగతో?”

“మరి వాళ్ళమ్మ ఏం చేసింది?”

వదిన కత్తి పక్కన పెట్టింది.

“నిజమే. ఆమె పేరు అడుగుతాను. ఈ సాయంత్రం నుంచి అందరం ఆమె కోసం జపమాల చెబుదాం.”

“హమ్మయ్య!”

“చెప్పిన ప్రతి ప్రార్థనా వాడికే పంపుదాం.”