లేదని రాసిన పిట్ట

పోలండ్ అడవుల్లో ఏటా వసంతంలో పిట్టల లెక్క తీస్తారు. సొంత చెవితో విన్నదే రాయాలి. ఈసారి లెక్క తీసే ముసలి జెనాన్ వెంట తమ్ముడి కూతురు హల్ష్కా, కూతని బట్టి పిట్టని గుర్తుపట్టే ఫోను పట్టుకుని వచ్చింది.

"పెదనాన్నా, నెత్తిన పసుపు గీతుండే బుల్లిపిట్ట కూస్తోందని చూపిస్తోంది."

"నీ ఫోనుకి పిచ్చి. మూడేళ్ళుగా అది ఇక్కడ లేదనే రాస్తున్నా."

"నాకూ వినిపిస్తోందిగా, సన్నగా ఈలలాగా! అదిగో, ఆ కొమ్మ మీద."

జెనాన్ తలెత్తాడు. పిట్ట నోరు తెరిచి గొంతు ఆడిస్తోంది. దూరాన కోకిల కూత వినబడుతోంది గానీ, దీనిది అస్సలు వినబడడం లేదు.

"గట్టిగానే కూస్తోందా?"

"చెవులు గింగురుమంటున్నాయి."

ఆయన పెన్సిలు ఆమె చేతికిచ్చాడు.

"నా మూడేళ్ళ లెక్కా కొట్టేయమని ఆఫీసుకి రాయి. పోయింది పిట్ట కాదు, నా చెవి అని రాయి. సంతకం నేను పెడతా."