సైరను కాగితం

అది కాదు బావా, నోటీసు బోర్డు మీద కాగితం అంటించింది కంట్రోలు రూమువాళ్ళు, మీరు అలిగింది నా మీదా? పొద్దుట్నించి అంబులెన్సు కడిగిన చోటే కడుగుతున్నారు. ఆ వెనక టైరు ఇప్పటికి మూడుసార్లు తలంటుకుంది, పాపం.

మాట్లాడకండి, పర్లేదు. అక్క కూడా మాట్లాడటం లేదు. నిన్న ఫోను చేస్తే, "మీ బావ కంచం ముందు నుంచి లేచిపోయాడు, నీ కడుపు చల్లబడిందా" అని పెట్టేసింది. నా తోబుట్టువో, మీ తరఫు వకీలో అర్థం కాలేదు.

అసలా కాగితం పూర్తిగా చదివారా? సైరను పీకేయమని లేదందులో. గుండె ఆగినవాళ్ళకి, ఊపిరాడనివాళ్ళకి, నెత్తురు ఆగకుండా పోతున్నవాళ్ళకి, అలాంటివాళ్ళకి వెయ్యమన్నారు. మడమ బెణికినవాళ్ళకి వద్దన్నారు. దానికి మీరు క్యాంటీనులో కూర్చుని, "మా మరదలు నా చేతులు నరికేసింది" అని చెప్పుకుంటే ఏమనాలి చెప్పండి?

సరే, మొదట్నించి చెప్తా. ఆ పైపు కట్టేసి వినండి. కట్టకపోయినా వినండి.

బండి వెనక రోగుల్ని చూసుకునే నన్ను, సైరను ఎప్పుడు వెయ్యాలో తేల్చే కమిటీలో వేశారని తెలిసి అందరికంటే సంబరపడింది మీరే కదా? "మన పిల్ల వెళ్తోంది, ఇక సైరను జోలికి ఎవడూ రాడు" అన్నారు. నేనూ అలాగే వెళ్ళాను, మీ తరఫున కొంగు బిగించుకుని. తీరా చూస్తే అక్కడ పోట్లాడ్డానికి ఎవరూ లేరు. ఒక గది, రెండు కంప్యూటర్లు, కళ్ళజోడు మేడం. లైబ్రరీ ఆవిడ లెండి, కళ్ళజోడు మేడం అన్నది మేం పెట్టుకున్న పేరు. సైరన్ల గురించి ఏ దేశంలో ఎవరు ఏం పరిశోధించారో అన్నీ వెతికి కుప్ప పోసింది. పద్దెనిమిది వందల పైచిలుకు.

నచ్చినవి ఏరుకోవడం కుదరదంది. ఒక్కోదాన్నీ నేను చదవాలి, ఆవిడా చదవాలి, అది పనికొస్తుందా, ఏం తేల్చింది అన్నదానికి ఒకరి జవాబు ఇంకొకరికి తెలియకూడదు. తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. తేడా వచ్చిందా, పిల్లల డాక్టరొకాయన మధ్యవర్తి. నేను చెప్పిందే వేదం అనడానికి వీల్లేదన్నమాట. ఈ పద్ధతేదో మనిళ్ళలో పెట్టుకుంటే సగం గొడవలుండవు కదా?

నాలుగు నెలలు బావా. బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరాం. చివరికి ఇరవైమూడు మిగిలాయి.

ఈలోపు నేనూరుకున్నానా? కమిటీ అంతా కూర్చున్న రోజున బేకరీ ఆయన సంగతి చెప్పాను. గుండె పట్టుకుని పడిపోతే మీరు బండిని ఎలా ఉరికించారో, మర్నాడు ఆయన మంచం మీద లేచి కూర్చుని మనకి చెయ్యెలా ఊపాడో, అంతా. కమిటీలో పెద్ద డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. గెలిచేశాం అనుకున్నా. అప్పుడు కళ్ళజోడు మేడం మెల్లిగా, "సైరను లేకపోతే ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యేదమ్మా?" అంది.

 

"తెలీదండీ" అన్నా. "అయితే తెలీదనే రాసుకుందాం. అదీ ఒక జవాబే" అందావిడ.

నాకు ఒళ్ళు మండిపోయింది. మన బండి ట్రిప్పుల పుస్తకమే ముందేసుకున్నా, నిరూపిద్దామని. అవే వీధులు, అవే వేళలు, సైరను వేసినవి ఒక పక్క, వెయ్యనివి ఒక పక్క. ఎంత తేడా వచ్చిందో తెలుసా? రెండు నిమిషాలు కూడా నిండలేదు. ఆ ఇరవైమూడూ ఇంచుమించు అదే పాట. కొన్ని గట్టివి, కొన్ని డొల్లవి. డొల్లవాటిని డొల్లవనే రాశాం. కానీ గుద్దుకోవడాలు మాత్రం సైరను వేసినప్పుడే ఎక్కువ.

"ఈ మాట పట్టుకుని నేను మా బావ మొహం ఎలా చూడను?" అన్నాను మేడంతో. "ఇది మీ బావకి చెడ్డ కబురు కాదమ్మా, బండి వెనక కూర్చునేవాళ్ళకి మంచి కబురు" అంది.

ఆ వెనక కూర్చునేది నేనే కదా, అక్కడ దొరికిపోయాను.

పని మొదలుపెట్టే ముందు ఒక ఫారం ఇచ్చారు. నీ తీర్పుని ఒక పక్కకి లాగే సంగతి ఏదైనా ఉందా అని. "మా బండి డ్రైవరు మా అక్క భర్త" అని రాశాను. అందరూ నవ్వారు. ఇంకోటి కూడా రాయాల్సింది. రాయలేదు.

నాకు భయం బావా.

ఇవాళ్టిది కాదు, పన్నెండేళ్ళది. మీరు సైరను వెయ్యగానే నా ఎడమచెయ్యి కమ్మీని పట్టేసుకుంటుంది. ఆ రోజు గుర్తుందా, తుంటి విరిగిన ముసలావిడ, ఎర్ర లైటు, అడ్డమొచ్చిన పాల వ్యాను? మీరు వెంట్రుకవాసిలో తప్పించారు. అందరూ మీ భుజం తట్టారు. వెనక నేను ఆవిడ మీద పడిపోయాను. తుంటి విరిగిన మనిషి నా తల నిమిరి, "భయపడకు తల్లీ" అంది. మీకు చెప్పలేదు. కోప్పడతారని కాదు. స్టీరింగు పట్టుకున్నప్పుడు మీ మొహంలో ఒక వెలుగుంటుంది, అది ఆరిపోతుందని.

ఆ మధ్య మేడం దగ్గర కక్కేశాను. నా భయమే నా చేత ఆ జవాబు రాయించిందేమోనని. కోప్పడుతుందనుకున్నా, పడలేదు. నేను చదివినవన్నీ ఒక నర్సుకిచ్చి మొదట్నించి మళ్ళీ చదివించింది. అదే జవాబొచ్చింది. ఆ తర్వాతే ఈ కాగితం బోర్డెక్కింది.

అదీ సంగతి. ఇక మీ ఇష్టం. వేరే బండికి మారిపొమ్మంటే మారిపోతా.

ఏంటి? నీళ్ళ చప్పుడులో వినబళ్ళేదు, మళ్ళీ చెప్పండి.

మీకా? భయమా?

ఎప్పట్నించి? పాల వ్యాను రోజు నుంచా... ఓహో, అంతకు ముందు నుంచేనా? మరి దిగగానే స్టీరింగు అంతసేపు తుడుస్తారే, అది మురిపెం కాదా? చేతి చెమటా?

మరి చెప్పొచ్చు కదా ఎవరికైనా! ఆఁ, ఎలా చెప్తారులెండి, స్టేషనంతా మిమ్మల్ని గాలిదుమారం అని పిలుస్తుంటే. నేను మాత్రం చెప్పానా?

ముందు మీరు, వెనక నేను, మధ్యలో ఒక్క అద్దం. ఒకరి కోసం ఒకరం ధైర్యంగా ఉన్నామన్నమాట ఇన్నేళ్ళూ. ఏం చేస్తాం, అయిపోయింది.

నవ్వకండి బావా. మీరు నవ్వుతుంటే నాకు ఏడుపొస్తోంది.