గెడ గొప్పా? బుంగ గొప్పా?

అది కాదు మేడం, గెడకి పదికి తొమ్మిది, బుంగకి పదికి నాలుగా? ఏ త్రాసులో తూచారండీ? ఊహుఁ, నోరు మూయకండి. మత్తు ఎక్కిందా? చెంప మొద్దుగా ఉందా? మంచిది.

ఆదివారం పేపర్లో మీ వ్యాసం రెండుసార్లు చదివాను. మా బ్యాండ్‌లో పాటలు రాసేవాళ్ళిద్దర్నీ, పొడుగాటి గెడనీ గుండ్రటి బుంగనీ, పోల్చారు కదా. గెడ పాటల్లో లోతుందట, బుంగ పాటల్లో గోలుందట. చివర్లో ఒక్క ముక్క: ‘ఒక డ్రమ్మర్ కూడా ఉండేవాడు.’

ఉండేవాడా! ఇదిగో, మీ పిప్పిపన్ను తవ్వుతున్నాడు.

కళ్ళు అంత పెద్దవి చెయ్యకండి, నా గురి తప్పుతుంది. అవును, నేనే. అప్పటి పోస్టర్ల మీద జుట్టు తప్ప మొహం లేనివాణ్ణి. ఇప్పుడు మొహం మిగిలింది, జుట్టు పోయింది.

మీకు అసలు సంగతి తెలీదు. గెడ పాట తెచ్చాడంటే ఏడుపే. వానొచ్చినా ఏడుపు, ఎండొచ్చినా ఏడుపు. బుంగ వినేసి, "ఒరేయ్, ఇది పాటా, చావు కబురా?" అనేవాడు. గెడ అలిగి, పాటలో సగం గీతలు పెట్టి తీసేసేవాడు. బుంగ తెచ్చాడంటే అంతా వెటకారమే. గెడ నవ్వితేనా! ఊరికే గోడకేసి చూసేవాడు. ఆ చూపుకి బుంగ ఇంటికెళ్ళి మళ్ళీ రాసుకొచ్చేవాడు. మీరు మెచ్చుకున్న పాటలన్నీ అలా పుట్టినవే. ఎవరి మాట ఏదో విడదీయమంటే వాళ్ళ వల్లే కాదు.

మరి విడిపోయాక? గెడకి అడ్డు చెప్పే దిక్కు లేదు. తలుపు కిర్రుమనడం మీద పదకొండు నిమిషాలు పాడాడు. దానికి తొమ్మిది వేసిన మహాతల్లి మీరే! బుంగేమో వాళ్ళ ఫ్రిజ్ మీద ఆల్బమ్ మొత్తం చేశాడు. నాలుగెక్కువే, ఒప్పుకుంటాను.

ఊఁ? నొప్పా? కాదా? ఓహో, ఎందుకు విడిపోయారనా?

నాలుగో ఆల్బమ్‌లో మొదటి పాట ఎవరిదని గొడవ. ఇద్దరూ నావైపు తిరిగి, "నువ్వు చెప్పరా" అన్నారు. నేనేం చేశాను? "ఇప్పుడే వస్తా" అని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కిటికీలోంచి దూకి, రైలెక్కి మా అక్కవాళ్ళింటికి పోయాను. వారం తర్వాత వస్తే స్టూడియోకి తాళం. ఇక మా బావే ఈ పళ్ళ చదువులో చేర్పించాడు. "పళ్ళైతే నిన్ను ఓటు అడగవు లేరా" అని.

ఇప్పుడు ఇద్దరూ నా పేషెంట్లే. ఎదురుపడకుండా వేరువేరు రోజులు ఇచ్చేవాణ్ణి. కానీ పోయిన నెల, మనసు ఊరుకోక, కావాలనే ఇద్దరికీ ఒకే టైమిచ్చాను.

గెడ ఇదే కుర్చీలో. మూతంతా మొద్దుబారిపోయి, ప అన్నా బ అన్నా హ పలుకుతోంది. అయినా ఊరుకుంటాడా? కొత్త పాటట. "హోయిన హడవ నన్ను హిలిచిందా..." అని ఎత్తుకున్నాడు.

బయట బెంచీ మీంచి ఒక్క కేక! "పడవేంట్రా! నీకు ఈతే రాదు. బస్సని మార్చు!"

గొంతు ఎవరిదో పోల్చుకుని గెడ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అదెలాగూ తెరిచే ఉందనుకోండి. తర్వాత మెల్లగా, "హోయిన హస్సు నన్ను హిలిచిందా" అని పాడి చూశాడు. అతికినట్టు సరిపోయింది మేడం! బుంగ లోపలికొచ్చేశాడు. ఇద్దరూ కౌగలించుకుని ఒకటే ఏడుపు. నేను చేతిలో పటకారుతో నిలబడి నేనూ ఏడ్చాను.

మళ్ళీ బ్యాండ్ పెడతారట. తలుపు దాకా వెళ్ళి గెడ అన్నాడు కదా, "మరి డ్రమ్ములకి ఎవర్ని చూద్దాం?" బుంగ తల గోక్కుని, "ఎవరో ఒకరు దొరుకుతార్లే" అన్నాడు.

ఇద్దరికీ తలుపు తీసి పట్టుకున్నది నేనే!

సర్లెండి. పోనీ.

నిజం చెప్పనా? ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్నుంచీ నేనూ రాస్తున్నాను. మొత్తం పద్నాలుగు పాటలు. మా ఆవిడకి కూడా తెలీదు. మీరు మార్కులు వేసేవారు కదా...

లేవకండి, లేవకండి! పన్నులో నింపిన సిమెంటు ఆరాలి. ఇంకో ఇరవై నిమిషాలు మీరెటూ కదలకూడదు. గిటార్ ఈ బీరువాలోనే ఉంది.