శనికి బయలుదేరిన ఐపీస్

"వాయిదా! మళ్ళీ వాయిదా!"

వీధి చివర కేక వినపడగానే అది ఎవరి గొంతో మాకు తెలిసిపోయింది. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసి దిగిపోయిన హిదాకా గారు సైకిలు తొక్కుకుంటూ వస్తున్నారు. మా నక్షత్రాల సంఘానికి పెద్ద ఆయనే. పైన గాలి ఎక్కువగా ఉందట, రాకెట్టు ఈ బుధవారం కూడా లేవదట. ఇది వరసగా మూడో రోజు. జపానువాళ్ళు రాకెట్లు ఎగరేసేది మా తనేగషిమా దీవి నుంచే, అది లేచేదాకా దీవికి ఈ వైపు పడవ కదలకూడదు. అందుకని జాలర్లంతా మూడు రోజులుగా ఒడ్డునే కూర్చుని గాలాలు కట్టుకుంటున్నారు.

మేము తొమే వదిన పూటకూళ్ళ ఇంటి అరుగు మీద మధ్యాహ్నం భోజనానికి చేరాం. హిదాకా గారు సైకిలు గోడకి ఆనించి, వచ్చీ రాగానే, "దొరికిందా?" అన్నారు.

దొరకలేదు. టెలిస్కోపుకి మనం కన్ను ఆనించే చోట దూర్చే బొటనవేలంత అద్దాల గొట్టం ఉంటుంది చూడండి, ఐపీస్ అంటారు, అది పోయింది. మా సంఘానికి మంచిది అదొక్కటే. అది లేకపోతే శనిగ్రహం బియ్యపు గింజలా కనపడుతుంది, దాని చుట్టూ వలయం సంగతి ఇక మరిచిపోవచ్చు.

"ఆదివారం సాయంత్రం కొండ మీద గది తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

అందరం గెన్జిరో బాబాయ్ వైపు తిరిగాం. డెబ్బై ఒకటేళ్ళ గాలపు జాలరి. ఒళ్ళో ఎప్పటిలాగే గాలాల రేకు డబ్బా.

"ఎవరి మీదా నింద వేయను," అన్నారు హిదాకా గారు, చూపు మాత్రం బాబాయ్ మీదనుంచి తీయకుండా. "అన్నం వడ్డించేలోగా అది ఈ అరుగు మీదికి రావాలి. రాలేదా, తాళంచెవి తీసుకున్నవాడి పేరు సంఘంలోంచి కొట్టేస్తాను. వదినా, అందాకా వడ్డించకు."

తొమే వదిన గరిటె కిందపెట్టింది. గెన్జిరో బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"చెప్పకూడదని పెద్దవాళ్ళు నా దగ్గర మాట తీసుకున్నారు. అయినా దొంగ అనిపించుకోవడం కంటే మాట తప్పడమే నయం కాబట్టి చెబుతున్నాను. సోమవారం రాకెట్టు గాలివల్ల ఆగిందని కదా మీరంతా అనుకుంటున్నారు? గాలీ లేదు, గీలీ లేదు. ఆపింది నేను."

"మొదలెట్టాడయ్యా," అన్నాను. ఈ ఊళ్ళో అందరి తలలూ నా కత్తెర కిందికి వచ్చేవే, ఎవరి తలలో ఏముందో నాకు కొంచెం తెలుసు.

"నువ్వాగు. పొద్దున్నే కొండెక్కి, టెలిస్కోపు బాగుందో లేదోనని ఊరికే అటు తిప్పి చూశాను, అంతే. రాకెట్టు నడుం దగ్గర ఒక బోల్టు. ఒకటిన్నర మర వదులైంది. ఒకటి కాదు, రెండు కాదు, ఒకటిన్నర! అరుద్దామంటే వినపడదు. ఐపీస్ పీకి, ఎండకి పట్టి టకటకా మూడుసార్లు వెలుగు కొట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జీపు వచ్చింది."

"మూడు కిలోమీటర్ల లోపలికి మేకని కూడా రానివ్వరు కదా బాబాయ్?" అన్నాను.

"మేకని రానివ్వరురా, నేను మేకనా? కుర్చీ వేశారు, తియ్యటి రొట్టెలు పెట్టారు, అక్కడున్న పెద్దాయన నడుం విరిగేలా వంగి దండం పెట్టాడు. 'గెన్జిరో గారూ, ఆ బోల్టు మా యంత్రాలకి అందటం లేదు, మీ చెయ్యే కావాలి' అన్నాడు. సరే పోనీ అని ఎక్కాను. తాటిచెట్టు ఎక్కినట్టు, ఊరికే చేతులతో. బోల్టు బిగించానో లేదో గాలి లేచింది..."

"గాలి లేదన్నావుగా?" అన్నారు హిదాకా గారు.

"అప్పుడు లేదు, ఇప్పుడు లేచింది! పదిహేను అంతస్తుల రాకెట్టు సముద్రం వైపు ఒరిగిపోతుంటే ఇదిగో, ఈ భుజం ఆనించి ఆపాను. రెండు పూటల భోజనాల మధ్య ఎంతసేపుంటుందో అంతసేపు. కిందనుంచి అందరూ ఏడుపు. ఒరిగినప్పుడు రాకెట్టు కంటి అద్దం పగిలిపోయింది, అది గుడ్డిదైపోయింది పాపం. ఆ పెద్దాయన నా చేతిలో ఐపీస్ చూశాడు, నేను ఆయన్ని చూశాను. ఎలా కాదనను? నేనే ముక్కు కొసన దూర్చాను. అది ఇప్పుడు రాకెట్టులో ఉంది. శనిగ్రహం దాకా పోతుంది. రేపు అక్కణ్ణుంచి ఫోటోలు వస్తే, మూల మీద వేలిముద్ర కనపడుతుంది, అది నాదే."

"ఈ రాకెట్టు వాతావరణం చూసే ఉపగ్రహాన్ని పైకి పంపడానికి కదా," అన్నాను.

"నీకలా చెప్పారు. ఇంకా వినండి. శని వలయం కాస్త ఒరిగి ఉంటుంది, మీరూ చూశారుగా? ఆ భుజమే పెట్టి దాన్నీ సరిచేసి రమ్మని, పక్కన కూర్చోబెట్టి బతిమాలారు. పోయేవాణ్ణే. కానీ మూడొందల గాలాలు కట్టాలి, సముద్రం తెరిచేలోగా అవ్వాలి, కుదరదన్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా, మూడు రోజుల్లో మూడొందలూ కట్టేశాను!"

తొమే వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి అరుగు అంచున కూర్చుంది.

"మూడొందలూ ఎవరు కట్టారు గెన్జిరో?"

"నేనే."

"గాలం చెవిలో తంగూసు దారం ఎవరు ఎక్కించారు?"

బాబాయ్ డబ్బా మూత మీద చెయ్యి పెట్టాడు.

"రెండేళ్ళుగా రోజూ సాయంత్రం డబ్బా పట్టుకుని నా వంటింటికి వస్తున్నావు, 'కాస్త ఎక్కించు వదినా, చేతులు తడిగా ఉన్నాయి' అంటూ. ఎండాకాలంలో కూడా తడే. ఈ మూడు రోజులూ రాలేదు. ఐపీస్ తిరగేసి కంటికి పట్టుకుంటే చీమ కాలు కూడా కనపడుతుందని పోయిన వారం సంఘంలో పిల్లలకి చూపించింది హిదాకా గారే. ఆ డబ్బా ఇలా తే."

ఇవ్వలేదు. తనే తీశాడు. గాలాల మధ్య ఐపీస్ పాత జేబురుమాల్లో చుట్టి భద్రంగా ఉంది.

హిదాకా గారు దాన్ని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. గీత కూడా పడలేదు. "అడిగితే ఇవ్వనా?"

"కళ్ళు పోయాయని తెలిస్తే నక్షత్రాల సంఘంలో ఉంచుతారా ఎవరినైనా?"

"మరి శని వలయం? నెలనెలా చూసి 'అబ్బ, అబ్బ' అంటావుగా?"

"మీరు అంటే నేనూ అన్నాను," అన్నాడు బాబాయ్, చిన్నగా. ఆ మధ్యాహ్నం మొత్తంలో అతను గొంతు తగ్గించి చెప్పిన మాట అదొక్కటే.

హిదాకా గారు ఐపీస్‌ని చొక్కా జేబులో వేసుకుని, బొత్తాం పెట్టుకుని, బొత్తాం పడిందో లేదో మళ్ళీ తడిమి చూసుకున్నారు. ఆ మనిషికి అనుమానం అలా పోదు.

"కళ్ళాసుపత్రికి అవతలి వైపు రేవునుంచి పడవ శుక్రవారం ఉంది. నీతో నేనొస్తాను. ఒంటరిగా పంపితే వెళ్ళావో లేదో నాకెలా తెలుస్తుంది? పేరు సంగతి తిరిగొచ్చాక, శనిని చూసి ఏం కనపడిందో చెప్పాక. వదినా, వడ్డించు."

సముద్రం మూసి ఉంది కాబట్టి ఎండు చేపలే. సోయా ముద్దతో కాచిన మిసో చారు, ఉడికించిన చిలగడదుంపలు, వేడన్నం. అందరం సర్దుకుని కూర్చున్నాం. తొమే వదిన బాబాయ్ పక్కనే చోటు చూసుకుని, అతని గాలాల డబ్బా తన మోకాలి పక్కకి లాక్కుంది. కట్టినవాటిలో సగం మళ్ళీ కట్టాలంది.

బాబాయ్ ఎండు చేపని రెక్క పట్టి ఎత్తాడు. "ఈ చేప ఉంది చూశారూ, ఇది బతికున్నప్పుడు ఎంత ఎత్తు ఎగిరిందో తెలుసా..."

"తిను!" అన్నాం అందరం.

తిన్నాడు.